పెద్దల పేర్లూ, బొమ్మకు చోటూ

మొన్న మా ల్యాబులో ఒక కుర్రాడు "మేడం, గ్రాఫు రావడం లేదు" అని పిలిచాడు. వెళ్ళి చూస్తే తెరమీద ఎర్రటి అక్షరాలు. మార్జిన్లు మరీ పెద్దవిగా ఉన్నాయట, బొమ్మ వేయడానికి చోటు లేదట. వాడు కంప్యూటరు పాడయిందనుకుని కంగారు పడుతున్నాడు. నాకు మాత్రం ఉన్నట్టుండి ముక్కుకు రిబ్బను ఇంకు వాసన తగిలింది. దాని వెంటే పాత ప్రింటరు కీచుమనే చప్పుడు చెవుల్లో మోగింది. నిజానికి ఆ గదిలో అలాంటి ప్రింటరు లేదు. అది ఎనభైల చివర్లో, నరసరావుపేటలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఉండేది. దాని పక్కన కొంగు నడుముకు చుట్టుకుని, రాని గ్రాఫును నోరారా తిడుతూ విశాలాక్షి మేడం నిలబడి ఉండేవారు. నాకు స్టాటిస్టిక్స్ చెప్పింది ఆవిడే.

మేడంది క్రోసూరు. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాక తల్లినీ, చదువుకునే తమ్ముణ్ణీ తనే చూసుకునేవారు. కాలేజీలో ఆవిడది టెంపరరీ ఉద్యోగం. ఏటా వేసవి సెలవులయ్యాక పిలుస్తారో లేదో తెలియని బతుకు. ఆ ఏడు మేనేజ్‌మెంటు ఒక పోస్టు పర్మనెంటు చేస్తుందనీ, అది విశాలాక్షి గారికేననీ అందరూ అనుకుంటున్నారు. ఆవిడకు దాచుకోవడం చేతకాదు. "ఈసారి పర్మనెంటయితే ముందు మా అమ్మకి కళ్ళాపరేషను చేయిస్తానే" అని క్లాసులోనే మాతో అనేసేవారు. ఆ పోస్టు ఆవిడకు రావాలని మేమందరం మొక్కుకున్నాం కూడా.

మొదటి రోజుల్లో నాకు ఆవిడంటే హడలు. మా నాన్న రాళ్ళ క్వారీలో పని చేసేవాడు. ఇంట్లో కాగితం ముక్క కూడా దండగ చేయడం ఎరగం. క్లాసులో గ్రాఫు గీయమంటే పొదుపుగా ఒక మూలన చిన్నగా గీశాను. మేడం నా పుస్తకం ఎత్తి కిటికీ వెలుతురులో పెట్టి చూశారు.

"ఏందే కోటేశ్వరీ ఇది? చీమలకి చూపించడానికి గీశావా?"

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ అది చూసి, తన పుస్తకంలోంచి తెల్లకాగితం చింపి నా ముందు పెట్టారు. "పేజీ నిండా గియ్యి. నీకు చెప్పడానికి ఏదో ఉందనే కదా గీసేది. ఉంటే కనపడేటట్టు చెప్పు" అన్నారు. అప్పటిదాకా పేజీ నిండా గీయమని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నాకు భయం పోయి, ఆవిడ వెనకాలే తిరగడం మొదలైంది.

కాలేజీకి కంప్యూటరు వచ్చింది కూడా అప్పుడే. కొబ్బరికాయ కొట్టి, మానిటరుకు పసుపు కుంకుమ పెట్టి, ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ రాకూడదని బోర్డు రాశారు. చాలామంది లెక్చరర్లు దాన్ని గుమ్మంలోంచే చూసి దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయేవారు. మేడం మాత్రం ఫ్లాపీలో వచ్చిన లెక్కల ప్రోగ్రాంతో పొద్దస్తమానం కుస్తీ పడేవారు. దానితో చేయించిన మొదటి పెద్ద పని మా నీళ్ళ సర్వే. మా తుమ్మలగుట్ట బెల్లంకొండకు అవతల ఉన్న చిన్న ఊరు. అక్కడ బోరునీళ్ళు తాగి పిల్లల పళ్ళు గారపట్టేవి, పెద్దవాళ్ళ కీళ్ళు బిగుసుకుపోయేవి. మా అమ్మ నలభై నిండకముందే నడుం వంగిపోయింది. అయినా ఆ వంగిన నడుంతోనే పొలాలకు అడ్డంపడి వెళ్ళి మంచినీళ్ళు మోసుకొచ్చేది. ఒకసారి మేడంతో ఈ మాట అన్నాను. ఆవిడ మమ్మల్ని ఊళ్ళమీదికి పంపి సీసాల్లో నీళ్ళు తెప్పించి, కెమిస్ట్రీ వాళ్ళచేత పరీక్ష చేయించారు.

కాలేజీ వార్షికోత్సవానికి తాగునీటి శాఖలో పెద్ద ఇంజనీరు ముఖ్య అతిథిగా వస్తున్నారు. సెక్రటరీ గారికి ఒక ఆలోచన వచ్చింది. అతిథికి ఎప్పుడూ ఇచ్చే దేవుడి పటానికి బదులు, ఈ సర్వే గ్రాఫును మన కంప్యూటరుతో వేయించి, అద్దాల ఫ్రేము కట్టించి జ్ఞాపికగా ఇద్దామన్నారు. మేడం ఎగిరి గంతేశారు. పటాల షాపతను అప్పటికే ఒక కాగితం పట్టేంత ఫ్రేము చేసి పెట్టాడు.

ఆ ప్రింటరుకు బొమ్మలు రావు, అక్షరాలే వచ్చు. అందుకని గ్రాఫంటే చుక్కల్లాంటి గుర్తుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెట్టిన కర్రలు. ఊరికొక కర్ర. నీళ్ళలో ఫ్లోరైడు ఎంత ఎక్కువుంటే కర్ర అంత ఎత్తు. కింద ఊరి పేరు అడ్డంగా పట్టదు కాబట్టి నిలువుగా, వరుసకొక ఇంగ్లీషు అక్షరం చొప్పున దిగేది. నూజెండ్ల, క్రోసూరు త్వరగా అయిపోయేవి. మా తుమ్మలగుట్ట దిగుతూనే ఉండేది. "ఊరు గోరంత, పేరు బారెడు" అని మేడం నన్ను ఏడిపించేవారు.

అంతా బాగానే వచ్చిందనుకునే వేళకు సెక్రటరీ గారు పైన వేయాల్సిన పేర్లు పంపారు. అచ్చం పెళ్ళికార్డు. కాలేజీకి స్థలమిచ్చిన పెద్దాయన, వారి తమ్ముడు గారు, అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కోశాధికారి, ప్రిన్సిపాలు. ప్రతివారికీ ముందు శ్రీ, వెనక గారు, ఎవరికి వారికి విడి వరుస, నడుమ ఖాళీ. ఇద్దర్ని ఒకే వరుసలో వేస్తే ఎవరు ముందనే తగువు వస్తుంది కదా. మేడం అవన్నీ ఎక్కించి మీట నొక్కారు. ప్రోగ్రాం ఠక్కున ఆగిపోయి, బొమ్మకు చోటు చాలదని ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పింది.

ముందు ఫ్లాపీని అనుమానించాం. తర్వాత కరెంటును. అటెండరు స్టెబిలైజరు మీద రెండు తట్టాడు. చివరికి మేడం పాత కాగితం నేలమీద పరిచి, పెన్సిలుతో వరుసలు లెక్కపెట్టి, నుదురు కొట్టుకున్నారు.

"మెషిను తప్పేం లేదే. పైన పెద్దోళ్ళు, కింద ఊళ్ళు. నడిమిన దానికి మనం చోటెక్కడ ఇచ్చాం?"

పైమార్జిను తగ్గిస్తే పెద్దాయన తమ్ముడి పేరు, ఒక కాగితాన్నుంచి ఇంకోటి చింపే చిల్లుల గీతమీద పడింది. కిందిది తగ్గిస్తే మా ఊరి పేరు తోక కాగితం దాటిపోయింది. సెక్రటరీ గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన పత్తి వ్యాపారి, మెత్తని మనిషి. పాపం, ఆయన ఇబ్బంది ఆయనది.

"పెద్దాయన పేరు లేకపోతే చిన్నబుచ్చుకుంటాడమ్మా. స్థలం ఇచ్చినోడు. ఊళ్ళకి పేర్లెందుకు, ఒకటి రెండు అని నంబర్లు వేస్తే సరిపోదా?" అన్నారు.

మేడం తిరిగొచ్చి నంబర్లే వేశారు. ఈసారి ప్రోగ్రాం ఆగలేదు, గ్రాఫు వచ్చింది. కానీ ఎత్తు చాలక కర్రలన్నీ కుంచించుకుపోయాయి. ఊరికీ ఊరికీ తేడా ఉందా లేదా అన్నట్టుంది. మేడం ఆ కాగితం నా చేతికిచ్చారు.

"మీ ఊరేదో చూపించు."

వెతికాను. నా ఊరు నాకు దొరకలేదు. మా అమ్మ నడుం వంచిన నీళ్ళు, అందరి నీళ్ళలాగే కనిపిస్తున్నాయి.

"నీకే దొరకలేదు. ఆ ఇంజనీరుకేం దొరుకుద్ది?" అన్నారు మేడం. పైపేర్లన్నీ తీసేసి, ఊళ్ళ పేర్లు మళ్ళీ ఎక్కించి మీట నొక్కారు. ప్రింటరు కీచుమంటూ మా ఊరి కర్రను కాగితం పైకంటా లేపింది. పెద్దల పేర్లు వేరే కాగితం మీద అందంగా కొట్టి, ఫ్రేము వెనక అట్టకు అంటించమన్నారు.

"మేడం, మీ పోస్టు..." అన్నాను.

"నాకు తెలవదా? నువ్వు నోర్మూసుకుని జిగురు పట్రా" అన్నారు. అట్టమీద కాగితాన్ని రెండుసార్లు వంకరగా పెట్టి తీశారు. నేను చూశానని ఆవిడకూ తెలుసు.

వేదికమీద ఇంజనీరు గారు ఫ్రేము అందుకుని అందరిలా పక్కన పెట్టేయలేదు. అన్నిటికంటే పొడుగు కర్ర కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కిందికి దిగారు. "తుమ్మలగుట్ట ఎక్కడమ్మా?" అని అడిగారు. మేడం నన్ను ముందుకు తోశారు. నేను మా ఊరి దారి, మా అమ్మ నడిచే దూరం, తడబడుతూ చెప్పాను. ఆయన డ్రైవరును పిలిచి ఊరి పేరు రాసుకోమన్నారు. ఆ వెనకే స్థలమిచ్చిన పెద్దాయన ఫ్రేము తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, పైనుంచి కిందిదాకా తన పేరు వెతుక్కున్నారు. వెనక ఉందని సెక్రటరీ గారు తిప్పి చూపించారు. అది ఇంకా అవమానంగా తోచిందేమో, ఆయన భోజనం చేయకుండా కారెక్కి వెళ్ళిపోయారు.

పర్మనెంటు పోస్టు ఇంకొకరికి ఇచ్చారు. సెలవులయ్యాక మేడంను పిలవలేదు. "నా చేతిలో లేదమ్మా" అని సెక్రటరీ గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని విన్నాను. ఆవిడ మాచర్లలో ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెప్పుకోడానికి వెళ్ళిపోయారు. మా ఊరికి ముందు ట్యాంకరు వచ్చింది, కొన్నాళ్ళకు కుళాయి వచ్చింది. ఆ గ్రాఫు వల్లే వచ్చిందని నేను గట్టిగా చెప్పలేను. అర్జీలు పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ కుళాయి పడిన వారమే ఆ సంగతి చెబుదామని బస్సెక్కి మాచర్ల వెళ్ళాను.

రేకుల షెడ్డులో పాఠం ఆపి బయటికి వచ్చారు. చిక్కిపోయారు. నేను చెప్పింది విని నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అమ్మ ఇప్పుడు ఏం చేస్తందే?" అని అడిగారు. గుమ్మంలో కూర్చుని కుళాయి వంక చూస్తోందని చెప్పాను. పెద్దగా నవ్వారు. నేను మాత్రం అడగకూడదనుకున్నది అడిగేశాను.

"ఎందుకు చేశానా అని ఎప్పుడూ అనిపించలేదా మేడం?"

"చానా ఏడ్చా. ఉద్యోగం పోతే ఏడవనా? ఇప్పటికీ ఒక్కోనాడు ఏడుస్తా" అన్నారు. కొంగుతో చేతికంటిన సుద్ద తుడుచుకున్నారు. "అట్టాగని తప్పు చేశాననుకోమాకు. ఏడుపు ఏడుపే, తప్పు తప్పే. ఆ రెంటినీ కలపమాకు."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మంచిపని చేసినవాళ్ళు హాయిగా ఉంటారని నాకు చాలామంది చెప్పారు. హాయిగా లేకపోయినా అది మంచిపనేనని ఆవిడొక్కరే చెప్పారు. నా ఉద్యోగంలోనూ తప్పుడు లెక్కల రిపోర్టు మీద సంతకం పెట్టనని చెప్పాల్సిన రోజు ఒకటి వచ్చింది. దానితో రావాల్సిన ప్రమోషన్ పోయింది. ఇంటికొచ్చి వంటగదిలో వెక్కి వెక్కి ఏడుస్తుంటే, మా ఆయన భుజమ్మీద చెయ్యేసి, "పోనీ, రేపు వెళ్ళి పెట్టేసి రా" అన్నాడు.

"పెట్టను" అన్నాను. ఏడుపు మాత్రం ఆపలేదు.