ముందు టీజీ, వెనుక ఏపీ, వేగం ఎనభై నాలుగు

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి నుంచి పెద్ద అంబర్‌పేట్ దగ్గరి మా ప్రభుత్వ జూనియర్ కళాశాలకు పద్దెనిమిది కిలోమీటర్ల నూరు మీటర్లు. అందులో ఎల్బీనగర్ చౌరస్తా వరకు 4.9, అక్కడి నుంచి కళాశాల గేటు వరకు 13.2. ఇవి ఒకరు చెప్పగా విన్న అంకెలు కావు. కారు మీటరు చూసి మూడు వేర్వేరు రోజుల్లో నేనే సరిచూసుకున్నవి.

2010లో నేను అక్కడ గణితం అధ్యాపకుణ్ణి. 2011 ఏప్రిల్ ఆఖరున పదవీ విరమణ. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో హాజరు పట్టీలో నా పేరుకు ఎదురుగా ఎర్ర సిరా పడలేదు. తొమ్మిదిన్నర దాటి వచ్చినవారు సంతకం పక్కన తాము వచ్చిన సమయాన్ని ఎర్ర సిరాతో వేయాలన్నది మా కళాశాల నియమం. మిగిలిన కొద్ది నెలలు కూడా ఆ గడి శుభ్రంగా ఉండాలని నిశ్చయించుకున్నాను. ఈ నిశ్చయమే నన్ను ట్రాఫిక్ పోలీసు కార్యాలయం మెట్లెక్కించింది.

రోజూ డైరీలో మూడు సమయాలు రాసేవాణ్ణి: ఇల్లు వదిలింది, ఎల్బీనగర్ దాటింది, కళాశాల చేరింది. మామూలు రోజున అవి 8.40, 8.55, 9.20. ఆ ఏడాది మామూలు రోజులు తగ్గిపోయాయి. తెలంగాణ ఉద్యమం ఊపుమీదుంది. చౌరస్తాలో ఒకనాడు రాస్తారోకో, ఒకనాడు మానవహారం, ఒకనాడు రోడ్డు మీదే వంటావార్పు. అక్కడ పోయిన సమయాన్ని తరువాతి 13.2 కిలోమీటర్లలో రాబట్టుకునేవాణ్ణి. విజయవాడ రహదారి వెడల్పైనది. అరవై దాటకూడదని బోర్డు ఉండేది. దాన్ని రోజూ చదువుతూనే దాటేవాణ్ణి.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర మా రసాయనశాస్త్రం అధ్యాపకుడు కారెక్కేవాడు. నల్లగొండ జిల్లా మనిషి, నాకంటే పన్నెండేళ్లు చిన్న. మాది కృష్ణా జిల్లా. ఉద్యమం మీద మా ఇద్దరి అభిప్రాయాలు వేరని ఇద్దరికీ తెలుసు. అందుచేత కారులో ఎక్కువగా ప్రశ్నపత్రాల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆగస్టులో ఒక ఉదయం అతడు చొక్కా జేబులోంచి ఒక స్టిక్కర్ తీశాడు. దానిమీద టీజీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అప్పట్లో చాలా బండ్ల మీద ఏపీని అవి కప్పేస్తుండేవి.

"సార్, గీ ఏపీ మీద ఇదొక్కటి ఏస్త. చౌరస్తాల మనల్ని ఎవ్వడు ఆపడు."

"నంబరు ప్లేటు మార్చకూడదు మాస్టారూ. నేరం."

"మార్చుడు ఏడుంది సార్? జర కప్పుడే. వానొస్తె గొడుగు పట్టినట్టు."

ఆలోచించి, ముందు ప్లేటుకు ఒప్పుకున్నాను. వెనుక ప్లేటు జోలికి పోవద్దన్నాను. ఆ సాయంత్రం మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ముందు ఒక రాష్ట్రం, వెనకాల ఒక రాష్ట్రమా? మధ్యలో కూర్చుని మీరు ఎటు తిప్పుతారండీ స్టీరింగు?"

స్టిక్కర్ వల్ల ఏమైనా ప్రయోజనం కలిగిందా అని లెక్క తీశాను. అది అంటించక ముందు, ఆగిన రోజుల్లో చౌరస్తా దగ్గర సగటున ఇరవై ఒక్క నిమిషాలు పోయేవి. అంటించాక ఇరవై రెండు. ఈ సంగతి రసాయనశాస్త్రం మాస్టారికి చెప్పాను.

"ఆ ఒక్క నిమిషం ఉద్యమానికి చందా ఇచ్చిన అనుకోండ్రి సార్" అన్నాడు.

వేగం మీరినందుకు మొదటి నోటీసు అప్పటికే వచ్చి ఉంది: డెబ్బై ఎనిమిది. సెప్టెంబరులో రెండవది: ఎనభై ఒకటి. రెండు ఫొటోలూ కారు వెనుక నుంచి తీసినవి. జరిమానా కట్టి రసీదులు డైరీలో అంటించాను. వేగం తగ్గించుకోలేదు. నవంబరులో మూడవది వచ్చింది: ఎనభై నాలుగు. ఈసారి కాగితం కింద ఇంకొక వాక్యం ఉంది. ఇది మూడవ తప్పు గనుక లైసెన్సును మూడు నెలలు నిలిపివేయాలని సిఫారసు చేస్తున్నామని, చెప్పుకోవలసింది ఉంటే ఫలానా రోజున హాజరు కావాలని.

లైసెన్సు పోతే కారు లేదు. ఆ రోజుల్లో బస్సు ఎప్పుడు ఆగుతుందో డ్రైవరుకే తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఖాళీగా ఉన్న గడి చివరి నెలల్లో ఎర్రబడుతుంది. కాగితాన్ని భూతద్దంతో చదివాను. దారి దొరికింది. మూడవ ఫొటో కారు ముందు నుంచి తీసినది. అందులో ప్లేటు టీజీ అని ఉంది, నోటీసులో మాత్రం అలవాటు కొద్దీ ఏపీ అని రాశారు. టీజీ అనే వరుస ఆనాటికి ఏ రిజిస్టరులోనూ లేదు. కాబట్టి ఫొటోలోని బండి నోటీసులోని బండి అని రుజువు కాదు. ఈ వాదనను ఒక పేజీలో, నాలుగు అంశాలుగా టైపు చేయించాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. దానికి ఆనాడు కొంత గర్వపడ్డాను కూడా.

చెప్పిన రోజున రసాయనశాస్త్రం మాస్టారు సెలవు పెట్టి మరీ నా వెంట వచ్చాడు. వరండా బెంచీ మీద కూర్చుని నా కాగితం రెండుసార్లు చదివాడు.

"అంటే గా కారు మనది కాదా సార్?"

"కాదని ఎక్కడా రాయలేదు. రుజువు లేదని రాశాను."

"మరి గీనె ఎవరు?" అని ఫొటోలో డ్రైవరు పక్క సీటు మీద వేలు పెట్టాడు.

అప్పటిదాకా నేను ప్లేటునే చూశాను. అద్దం వెనుక అతడున్నాడు. ఒక చేయి తలపైనున్న పట్టీని, రెండవది ముందున్న డాష్‌బోర్డును గట్టిగా పట్టుకుని ఉంది. కళ్లు మూసి ఉన్నాయి.

"భయపడ్డారా?"

"రోజూ భయపడుత సార్. గా చేతులకు ఏపీ, టీజీ ఏం తెలుస్తది?"

"మరి ఒక్కనాడైనా చెప్పలేదేం?"

"మీరు గడియారం దిక్కు చూస్తుంటరు. ఎట్ల చెప్పాలె? స్టిక్కర్ ఏసింది నేనేనాయె. అడిగితె అదన్న చెప్దామని వచ్చిన."

సంచిలోంచి డైరీ తీసి ఆ ఫొటో నాటి పేజీ చూశాను. చౌరస్తా 9.17, కళాశాల 9.29. పన్నెండు నిమిషాలకు 13.2 కిలోమీటర్లు, గంటకు అరవై ఆరు. అది సగటు. సగటు అరవై ఆరైతే దారిలో ఏదో ఒక క్షణాన వేగం కనీసం అరవై ఆరు ఉండితీరాలి. దీన్నే మధ్యమ మూల్య సిద్ధాంతమని ప్రతి సంవత్సరం బోర్డు మీద నిరూపిస్తూ వచ్చాను. ఫొటో అక్కర లేదు, ప్లేటు అక్కర లేదు. జూన్ నుంచి పేజీలు తిప్పుతూ లెక్కపెట్టాను. సగటే అరవై దాటిన రోజులు పదకొండు. పోలీసులు పట్టుకున్నవి మూడు. ఆ పదకొండు రోజులూ పక్క సీటులో అతడున్నాడు.

లోపల ఇన్‌స్పెక్టరు మూడు ఫొటోలు బల్ల మీద పరిచాడు.

"చెప్పుండ్రి పెద్దసారు. ఏమన్న అభ్యంతరం ఉన్నదా?"

టైపు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. "లేదు. మూడూ నా కారువే. డ్రైవరును నేనే. అసలు మూడు కాదు, పదకొండు" అని డైరీ ముందుకు జరిపాను.

ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, డైరీని తిరిగి నా వైపే నెట్టాడు. "గివి నన్ను అడగకుండ్రి సార్. నా దగ్గర మూడే ఉన్నయి. మూడింటికి సంతకం పెట్టుండ్రి, చాలు." నేను సంతకం పెడుతుండగా మూడవ ఫొటోను దగ్గరగా చూశాడు. "ముందటి ప్లేటు సాఫ్ చేసుకోండ్రి. గిదైతె నేను చూడలె."

ఆ సాయంత్రం వేడినీళ్లు పోసి స్టిక్కర్ తీశాం. గీకింది అతడే. "రాష్ట్రం వచ్చినంక పెయింటుతోనే రాయిస్త సార్, అప్పుడు ఆపకుండ్రి" అన్నాడు. చట్టప్రకారమైతే ఆపనన్నాను.

జనవరి నుంచి మార్చి వరకు లైసెన్సు లేదు. ఎర్ర సిరా పడకూడదన్న పట్టుదలను మాత్రం వదులుకోలేదు. ఇల్లు వదిలే సమయాన్ని 8.40 నుంచి 7.35కు మార్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కేవాణ్ణి, రసాయనశాస్త్రం మాస్టారు కొత్తపేటలో అదే బస్సు అందుకునేవాడు. మొదటి ఇరవై ఆరు పని దినాల్లో ఒక్కనాడు కూడా తొమ్మిది దాటలేదు. ఇన్నేళ్లూ ఆ గంట ముందే బయలుదేరి ఉండవచ్చని అప్పుడు అర్థమైంది. ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాను.

ఇరవై ఏడవ రోజున చౌరస్తా పూర్తిగా మూసుకుపోయింది. బస్సు గంటకు పైగా కదలలేదు. చివరికి దిగి, జనం మధ్య నుంచి నడిచి అవతలికి చేరి, ఒక ఆటోలో కూర్చున్నాం. ఆటో డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూసి, "పెద్దసారు, లేటైతున్నదా? జర గట్టిగ కొట్టాల్నా?" అన్నాడు.

మాస్టారి చేయి పక్కనున్న కడ్డీ మీదకు పోయింది.

"వద్దు. నలభై దాటకు" అన్నాను.

కళాశాల చేరేసరికి 9.41. ప్రిన్సిపాల్ ఒకప్పుడు నా విద్యార్థి. పట్టీ నా ముందు పెట్టి, నీలం పెన్ను మూత తీసి ఇచ్చాడు. "దారి బంద్ అయితే మీదేం తప్పు సార్? మామూలుగనే సంతకం చేయండ్రి. ఎవరు అడుగుతరు?"

"వచ్చింది ఎన్నింటికి?" అన్నాను. అతడు గోడ గడియారం వైపు చూశాడు. సొరుగులోంచి ఎర్ర పెన్ను నేనే తీసుకుని, నా సంతకం పక్కన 9.41 అని, అంకెలు ఒకదానికొకటి తగలకుండా వేశాను.

వెనుక నుంచి రసాయనశాస్త్రం మాస్టారు చేయి చాచాడు. "అయిపోయిందా సార్? గా పెన్ను జర ఇటియ్యుండ్రి."