వడ్ల మీద బ్రేకు

నాది పుట్టుకతో వచ్చిన అనుమానం. మగ్గాల ఇంట్లో పుట్టి, బట్టల కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చాను. చీర కొంగు మూల తడిపి తెల్లగుడ్డకేసి రుద్దితే తప్ప రంగు నిలుస్తుందంటే నమ్మను. అలాంటి నన్ను తీసుకొచ్చి కార్ల పిచ్చి ఉన్న మనిషికి కట్టబెట్టారు. పెళ్లయిన కొత్తలో ఆయన ఆలస్యంగా ఇల్లు చేరితే, ఎక్కడికెళ్లారో కాస్త కనుక్కోమని మా తోడికోడలు నన్ను ఏడిపించేది. ఆయన ఎక్కడికెళ్లారన్నది నాకెప్పుడూ బెంగ కాదు. ఎంత స్పీడులో వెళ్లారన్నదే బెంగ.

ఆయన కొనేవి మామూలు కార్లు కావు. నేలకి ఆనుకున్నట్టుంటాయి. భవానీపురంలో మా గేటు దగ్గర స్టార్టు చేస్తే వీధి చివరి ఇంటి కుక్క లేచి మొరిగేది. కొత్త కారు కొన్నప్పుడల్లా పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్లం. ఆయన ఆ నాలుగు నిమ్మకాయల మీద కూడా రేసులో ఉన్నట్టే పోనిచ్చేవారు. పూజారిగారు హారతి పళ్లెం పట్టుకుని మెట్లెక్కి నిలబడేవారు.

మొదటి యాక్సిడెంటు ఇబ్రహీంపట్నం దగ్గర జరిగింది. పవర్ స్టేషన్ బూడిద మోసే లారీలు ఎప్పుడూ తిరిగే రోడ్డది. ముందు వెళ్తున్న లారీ దుమ్ములో ఏమీ కనబడకపోయినా దాటబోయి, ఆ దుమ్ములో ఆగి ఉన్న ఇంకో లారీని గుద్దారు. కారు ముందుభాగం అప్పడంలా నలిగిపోయింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడంతో ఆయన మాత్రం చొక్కా దులుపుకుని దిగారు. ఏడ్చుకుంటూ వెళ్లిన నాతో ఆయన అన్న మొదటి మాట, "చూశావా, బండి గట్టిది కాబట్టి బతికాను."

"మెల్లగా వెళ్లుంటే అసలు గుద్దేవారే కాదు కదండీ" అన్నాను.

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఆయన ఒక్కరినే అనడం కూడా న్యాయం కాదు, మావాళ్లందరిదీ అదే తీరు. యాక్సిడెంటయిందంటే మనిషికి ఎలా ఉందని కాదు, ముందు "ఏ బండి?" అనే అడుగుతారు. పెళ్లిళ్లలో భోజనాలయ్యాక మగవాళ్లు షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని, ఎవరి బండి ఎన్ని పల్టీలు కొట్టిందో చెప్పుకుంటారు. ఎక్కువ పల్టీలు కొట్టి బతికినవాడికి ఎక్కువ గౌరవం. వినేవాళ్లు ఇంటికెళ్లి, నెమ్మదిగా తోలాలని కాదు, అలాంటి బండే కొనాలని అనుకుంటారు. మా ఆయన కూడా అంతకంటే జోరున్నది, ఎర్రటిది కొనుక్కొచ్చారు.

రెండోది పామర్రు అవతల జరిగింది. వారం వారం చీరలు తెచ్చుకోవడానికి మగ్గాల ఊళ్లకి ఆయన అటే వెళ్తారు. కోతలైపోయి వడ్లు రోడ్డెక్కిన రోజులవి. మా డెల్టాలో కళ్లాలు కరువయ్యాక తారు రోడ్డే కళ్లం. రోడ్డులో సగం దాకా వడ్లు పరిచి, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. కాలవ గట్టు మలుపులో ఆయన బ్రేకు వేశారు, టైర్ల కింద వడ్లున్నాయి, బండి కాలవలో పడింది. నీళ్లు తక్కువగా ఉండబట్టి మనిషి దక్కారు. కుడికాలు మాత్రం రెండుచోట్ల విరిగింది. అతికిన కాలు కాస్త పొట్టిదైంది. అప్పటినుంచి కుడి బూటుకి అడుగున మందపాటి అట్ట వేయించుకుని నడుస్తున్నారు.

ఈసారి షామియానా కింద చెప్పుకోవడానికి ఇంకా పెద్ద కథ దొరికింది. మలుపు తిరిగేసరికి ఒక పెద్దావిడ రోడ్డు మీద వడ్లు ఊడుస్తోందట. క్షణం ఆలస్యమైతే ఆవిడ ప్రాణం పోయేదట. తన ప్రాణం సంగతి చూసుకోకుండా ఈయన స్టీరింగ్ కాలవవైపు తిప్పేశారట. వినేవాళ్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి. చిన్నపిల్లగా ఉన్న మా అమ్మాయి ఆయన ఒళ్లో కూర్చుని, "ఎలా తిప్పావు నాన్నా, ఇంకోసారి చెప్పు" అని గారాలు పోయేది. ఆయన రెండు చేతులూ గాల్లో తిప్పి చూపించేవారు.

నేను మాత్రం ఆ కథని నమ్మలేదు. కారణం చిన్నదే. మాది చీరల వ్యాపారం. పండక్కి పాలమనిషికి పెడతాం, కొట్లో పనిచేసేవాళ్ల అత్తగార్లకి పెడతాం, అద్దకం వాళ్ల కూతుళ్ల పెళ్లిళ్లకి పెడతాం. ప్రాణం కాపాడిన ఆవిడ రోడ్డు పక్కనే ఉంటుంది, ఈయన వారం వారం ఆ దారినే పోతారు. అయినా ఒక్క చీర పెట్టలేదు. ఆవిడ పేరు కూడా నాకు చెప్పలేదు. పెట్టలేదేమని అడిగితే, "చేసిన సాయం చెప్పుకోకూడదే" అనేవారు. ప్రతి పెళ్లిలోనూ చెప్పుకునే మనిషి ఆ మాటంటే నేనెలా నమ్మను?

కాలు అతుక్కున్నాక మళ్లీ అదే రకం, అదే ఎర్రరంగు కారు కొన్నారు. "ఇంక స్పీడు జోలికి పోను, నీ మీదొట్టు" అన్నారు. నెమ్మదిగా పోయేవాడికి ఆ బండెందుకని అడిగితే, అలవాటైందన్నారు. ఆయన ఒట్టును నేను లెక్కలోకి తీసుకోలేదు. లారీని గుద్దినప్పుడూ అదే ఒట్టు పెట్టారు.

ఆయన వేగం కనిపెట్టడానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మగ్గాల ఊళ్లో మాకు చీరలు నేసే ఇంటావిడ, ఆయన వెళ్లినప్పుడల్లా కుండలో తోడు పెట్టిన గేదెపెరుగు పంపిస్తుంది. డిక్కీలో దాన్ని పాతచీర చుట్టలో కూర్చోబెట్టి తెస్తారు. కుండ దించగానే ముందు మూత తీసి మీగడ చూసేదాన్ని. కాలు విరిగాక చాలాకాలం మీగడ చెక్కు చెదరకుండా వచ్చింది. గట్టు రోడ్డు మీద ఈయన్ని గడ్డి ట్రాక్టర్లు కూడా దాటిపోతున్నాయని మా మరిది వెక్కిరించేవాడు. దెబ్బ తిన్న మనిషి నిజంగానే మారాడేమోనని నాకూ కాస్త నమ్మకం కుదిరింది. డిగ్రీ పూర్తిచేసి కొట్లో కూర్చుంటున్న మా అమ్మాయి, డిజైన్లు తనే చూసి చెప్తానని వారం వారం నాన్నతో బయల్దేరుతుంటే అందుకే సరేనన్నాను.

ఈ ఏడు రెండో పంట దాళ్వా కోతలు మొదలయ్యే వేళకి పెరుగు విరిగి రావడం మొదలైంది. మీగడ ముక్కలై, నీళ్లు తేలి, పాతచీరంతా తడిసి ఉండేది. "రోడ్డు బాగోలేదే" అన్నారు. అదే రోడ్డు మీద మా కొట్టు వ్యానువాడు ఇంటికి గుడ్లట్టలు తెచ్చిస్తున్నాడు, ఒక్క గుడ్డు పగల్లేదు. ముందద్దం మీద చచ్చిన పురుగులు చూశాను. అద్దమంతా పొక్కిపోయినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. తను ఒక్కడే చావబోతే అది వేరు, పక్కన నా కూతుర్ని కూర్చోబెట్టుకుని ఈ ఆటలేమిటి? ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. ఆ నెలంతా దాన్ని పంపించకుండా ఆపడానికి సాకులు వెతికాను. ఒకసారి తలనొప్పన్నాను, ఒకసారి చుట్టాలొస్తున్నారన్నాను. అది వినలేదు. కారు ఎక్కేటప్పుడు దాని మొహంలో ఉన్న హుషారు చూసి నాకు ఇంకా అనుమానం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం కారు కడిగిస్తానని చెప్పి మ్యాట్లు బయటికి లాగి గోడమీద ఆరేశాను. నిజానికి చూడాల్సింది చూద్దామనే. డ్రైవరు వైపు మ్యాటు శుభ్రంగా ఉంది. ఎడమవైపుది మాత్రం కుడిపాదం ఆనేచోట గుంటపడి, అంచు చిరిగి ఉంది. లేని బ్రేకుని ఎవరో పదే పదే బలమంతా పెట్టి తొక్కారన్నమాట. మా అమ్మాయి కాళ్లు అలాంటి గుంట పెట్టవు. గుమ్మం దగ్గర విప్పిన ఆయన కుడి బూటు తెచ్చి పెట్టి చూశాను. అట్ట వేసిన మడమ ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది. ఎడమవైపు సీట్లో కూర్చుంటున్నది ఆయన. అలాంటప్పుడు స్టీరింగ్ ముందు ఎవరున్నారో ఇంకొకరు చెప్పాలా? మా అమ్మాయి స్కూటీ నడుపుతుంది. డ్రైవింగ్ స్కూలు చిన్నకారు మీద లైసెన్సూ తెచ్చుకుంది. ఈ కారు మాత్రం ముట్టుకోవద్దని ఇద్దరికీ కచ్చితంగా చెప్పి ఉన్నాను.

మ్యాటూ బూటూ పట్టుకెళ్లి వరండాలో పేపరు చదువుకుంటున్న ఆయన ముందు పడేశాను. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

ఆయన వాటిని చూసి పేపరు మడిచారు. "కాలు లాగేస్తోందే. పామర్రు దాకా నేనే తోలతన్నా. అక్కణ్ణించి దానికిస్తన్నా."

"అది అంత స్పీడుగా పోతుంటే మీరేం చేస్తున్నారు?"

"కనబడతానే ఉందిగా, మ్యాటు చింపుతున్నా" అని నవ్వబోయారు. నేను నవ్వలేదు.

"నోరు లేదా మీకు? మెల్లగా పోనియ్యమని చెప్పలేరా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే" అన్నారు.

మా గొంతులు విని అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. నేల మీద మ్యాటు చూడగానే దానికి సంగతి అర్థమైంది. భయపడుతుందనుకున్నాను. "ఎందుకమ్మా ఇంత గోల? నాన్నకి రెండు యాక్సిడెంట్లయినా ఏం కాలేదుగా. బండి గట్టిది. అయినా నాకు కంట్రోలుంది. ఎవరన్నా అడ్డమొస్తే నాన్నలాగా టైముకి స్టీరింగ్ తిప్పేస్తాలే" అంది.

అని, రెండు చేతులూ గాల్లో తిప్పి చూపించింది. అచ్చం ఆయనలాగే. ఆ షామియానా కబుర్లన్నీ ఇది పాఠంలా నేర్చుకుంది. లారీ, కాలవ, విరిగిన కాలు కళ్లెదుటే ఉన్నా, దానికి అబ్బింది ఆ చేతులు తిప్పడం ఒక్కటే. రేపో మాపో ఏ మలుపులోనో వడ్ల మీద అలాగే చేతులు తిప్పుతుంది.

కోపమంతా ఆయన మీదికి మళ్లింది. "చెప్పండి, ఆరోజు ఏం జరిగిందో దీనికి చెప్పండి. పెళ్లిళ్లలో చెప్పినట్టు కాదు. ఆవిడ కోసం కాలవలో పడ్డ మనిషి ఇన్నేళ్లలో ఆవిడకి ఒక్క చీర ఎందుకు పెట్టలేదో అది చెప్పండి" అని అరిచాను.

ఆయన బూటు తీసుకుని అట్ట అంచు గోటితో గీకుతూ కూర్చున్నారు. అమ్మాయి మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది.

"నేను స్టీరింగ్ తిప్పలేదమ్మా" అన్నారు, దానివైపు చూడకుండా. "ఆవిడ కనపడగానే బ్రేకు తొక్కా. వడ్ల మీద బండి ఆగలా. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. బండి దానంతటదే కాలవ వైపు జారింది. ఇటు జారుంటే ఆవిడ లేదు."

"మరి అందరికీ..." అంది అమ్మాయి.

"ముందుగా కాలవలోకి దిగింది ఆవిడే. తలుపు రాకపోతే కేకలేసి జనాన్ని పిలిచింది. నన్ను గట్టు మీద పడుకోబెట్టాక నా చేతులు కళ్లకద్దుకుని, నాకోసం కాలవలో పడ్డావా నాయనా అని ఏడిచింది. ఆ కథ ఆవిడదే. నేను కాదనలా. ఆసుపత్రిలో అందరూ అదే అన్నారు. తర్వాత నేనూ అదే అన్నా." బూటు కింద పెట్టి, "చీర ఒకసారి తీసుకెళ్లానే. డిక్కీలోంచి తియ్యకుండానే తిరిగొచ్చా. ఏమని చెప్పి పెట్టమంటావ్?" అన్నారు, ఈసారి నాతో.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెప్పిన మాట నేను వెంటనే నమ్మింది అప్పుడే. నమ్మాను కాబట్టే ఇంకేం అడగలేకపోయాను. తెలుసుకోవాలని ఎంత తపించానో, తెలిశాక అంత జాలేసింది. ఆయన్ని కాదు, ఆవిణ్ణి తలుచుకుని.

అమ్మాయి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి, "పామర్రు దాటాక తూము దగ్గర మలుపేనా నాన్నా?" అంది.

ఆయన తలూపారు.

"తలకి తువ్వాలు చుట్టుకుని, కాస్త వంగిపోయి ఉంటుంది, ఆవిడా?"

"ఆఁ."

"మొన్న మనం దాటినప్పుడు చీపురు పారేసి పక్కకి గెంతింది కదా. నేను హారన్ కొట్టి నవ్వాను" అంది.

"అవునమ్మా, ఆవిడే" అన్నారు ఆయన. "లేచి నిలబడి, బండిని గుర్తుపట్టి దణ్ణం పెట్టింది. నాకు సైడద్దంలో కనబడింది."