ఉప్పు మీదికి తోసేసిన తప్పు

సునామీ మా అండమాన్‌లో ఎన్ని పాడుచేసిందో చెప్పలేం. పాపం, అది చెయ్యని పాపం కూడా ఒకటి దాని నెత్తిన పడింది. వేసింది నేనే. మా అక్క ఎలాగూ ఊరంతా చాటేసింది కాబట్టి మీకూ చెప్పేస్తాను.

అప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో కొత్తగా సైన్సు మాష్టర్ని. కరెంటు నన్నడిగే నడుస్తుందనుకునే వయసు. మా అక్కావాళ్ల ఊరు చౌల్దారీలో బావ పొలంలోకి సముద్రం వచ్చి పోయాక మూడేళ్లు గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. నాలుగో ఏడు వంగ వేస్తే బతికింది. పిందె దిగిందని సంబరపడేలోపే పురుగు పట్టింది. ఆ రోజే మందు కొట్టకపోతే తోట మళ్లీ పోయినట్టే.

ట్రాక్టరు వెనక లాక్కెళ్లే మందు ట్యాంకు బండి మీద చిన్న మోటారు పంపు ఉంది. దాని వైరు తెగిపోయింది.

"ఎలక్ట్రీషియన్ని పిలుస్తాను," అన్నాడు బావ.

"నేనుండగానా?" అన్నాను. ఆ ముక్క అనకపోయినా బాగుండేది!

ఇంటి ముందంతా వాలు. బావ ట్రాక్టరు మీద కూర్చున్నాడు. ట్రాక్టరు వెనక వేలాడుతున్న వైర్లు ఒక్కొక్కటే పంపు వైరుకి తాకించి చూశాను. ఒకదానికి మోటారు ఝుమ్మంది. టేపు చుట్టేసి, కాలరెగరేశాను.

తోటలోకి దిగాం. మోటారు ఆగిపోయింది. ఇంటి ముందుకి తెస్తే ఝుమ్మంది. తోటలో మళ్లీ చచ్చింది.

పక్క పొలం బెంగాలీ భయ్యా గట్టెక్కి, "క్యా హువా, మాస్టర్‌జీ?" అన్నాడు.

తెలియదనడం మన ఒంట్లో లేదు కదండీ! హిందీలో పాఠం దంచాను. "సునామీ ఉప్పు, భయ్యా. మట్టిలో ఇంకా ఉంది. చక్రాల్లోంచి కరెంటంతా లాగేస్తోంది."

"బాప్ రే! నా రేడియో పలకనిదీ అందుకేనా?"

"అందుకే!"

బావ మాత్రం కిందికి దిగి, గుప్పెడు మట్టి తీసి చూశాడు. "అయితే ఉప్పు ఇంకా పోలేదా? ఇక్కడ ఇంకేమీ పండదా, మాష్టారూ?" అన్నాడు. అయినా నిజం ఒప్పుకోకుండా వైరుకి ఇంకో చుట్టు టేపు వేశాను. ఎంత సిగ్గుచేటో చూడండి.

అంతలో అక్క టీ పట్టుకొచ్చింది. అంతా విని నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏట్రా, వంకాయకి పట్టని ఉప్పు మోటారుకి పట్టిందా?" అని, బావ వైపు తిరిగి, "ఇంటికాడ జారిపోకుండా బ్రేకు తొక్కి కూర్చున్నారు కదా? ఇక్కడా ఓసారి తొక్కండి," అంది.

బావ ఎక్కి తొక్కాడు. ఝుమ్! నేను కలిపింది బ్రేకు లైటు వైరుకి!

బావ స్టీరింగు మీద తలపెట్టి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. భయ్యా అయితే గట్టు మీద కూలబడ్డాడు.

"ఒక్క నిమిషం, వైరు మార్చేస్తాను," అన్నాను.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను!" అంది అక్క.

ఇక నాలుగడుగులు వెయ్యడం, బ్రేకు తొక్కడం, మందు కొట్టడం. గంటలో అయ్యే పనికి పొద్దు గూకింది. గొట్టం పట్టుకుని వెనకాల నడిచింది ఎవరో వేరే చెప్పాలా? తోట మాత్రం దక్కింది.

ఆ సాయంత్రం ఆ మట్టి మీదే నిలబడి రెండు ఒట్లు పెట్టుకున్నాను. బతికున్నంతకాలం వైరు ముట్టను. తెలియనిది తెలియదనే చెబుతాను. మొదటి ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. రెండోదంటారా, రోజూ క్లాసుకి వెళ్లాలి కదండీ!