ఇంకా నూట అరవై కిలోమీటర్లు

సోమవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. రెండేళ్ళ కిందటి మాట. మొన్న ఫోన్‌కు "మీ కారు సర్వీసుకు అనుకూలమైన రోజు ఎంచుకోండి" అని సందేశం వచ్చింది. కింద వారం రోజులూ గళ్ళలో వరసగా కనబడ్డాయి. ఏ గడి మీదా వేలు పెట్టలేక పాత నోటుపుస్తకం తీశాను. ఆ సోమవారం అందులో గంటతో సహా ఉంది.

నాంపల్లి స్టేషను వెనక సందులో మా మెకానిక్ భాయి షెడ్డు. ఆ రోజు నేను వెళ్ళింది టైర్లలో గాలి కొట్టించుకోవడానికి మాత్రమే. ఆయన కారును పది అడుగులు నడిపి, ఆపి, తల బయట పెట్టాడు. "అమ్మా, బ్రేక్ ప్యాడ్లు మొత్తం అరిగినయ్. బండి గీడనే ఇడిసిపెట్టి పోండ్రి, రేపు పొద్దుగాల ఇస్త" అన్నాడు. నేను నోటుపుస్తకం తెరిచి చూపించాను. మా కారు సర్వీసు పదివేల కిలోమీటర్లకు ఒకసారి. ఇంకా నూట అరవై మిగిలి ఉన్నాయి. అవి కాగానే వస్తాను, రెండు పనులూ ఒకేసారి చేద్దువులే అన్నాను. ఆయన నవ్వాడు. "మీ కితాబు బ్రేకులు సదవయ్ అమ్మా. జర జల్దీ తీస్కరాండ్రి." నాకు ఆ నవ్వు నచ్చలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో ఇతరుల లెక్కలు సరిచూసిన దాన్ని. గ్యాసు బండ ఎన్ని రోజులు వచ్చిందో, గోడ గడియారం నెలకు ఎన్ని నిమిషాలు వెనకబడుతుందో రాసుకునే మనిషిని. మా ఆయన ఉన్న రోజుల్లో తుమ్మినా సరే, నా వైపు తిరిగి "రాసుకో" అనేవారు.

ఆ కారులో నా పక్క సీటు మా అక్కది. అక్క హిమాయత్‌నగర్‌లో ఒంటరిగా ఉండి, పెళ్ళిళ్ళకు సకినాలు చేసి ఇచ్చేది. మా వైపు పెళ్ళికూతురితో సారె పంపేటప్పుడు సకినాలు లేకపోతే వియ్యాలవారు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. తడి బియ్యప్పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ, గుడ్డ మీద ఎక్కడా తెగకుండా చుట్టు లోపల చుట్టు వేయాలి. పనంతా మణికట్టులో ఉంటుంది. అక్క చేయి గాలిలో తిరుగుతుంటే పిండి తనంతట తానే వచ్చి కూర్చుంటున్నట్టు ఉండేది. నేను ఒకసారి ప్రయత్నిస్తే, "ఇది సకినం గాదు చెల్లె, నీ సంతకం" అంది. గురువారాలు ఇద్దరం ఆబిడ్స్ వెళ్ళి నువ్వులు, వాము కొనుక్కుని, దోసె తిని వచ్చేవాళ్ళం. సరుకు చేరవేయడం నా కారు పని.

నూట అరవై శనివారం సాయంత్రానికి పూర్తయింది. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది. సోమవారం పొద్దున బయల్దేరుతుంటే అక్క ఫోన్ చేసింది. "ఇయ్యాల అమాస. ఇంట్ల ఇనుము ఇంకొకల చేతుల పెడ్తరా ఏంది? రేపు సకినాలు ఇచ్చొచ్చి, అటే బండి ఇయ్యి." సరేనన్నాను.

మంగళవారం పదకొండుంపావుకు నాంపల్లి స్టేషను దగ్గర సిగ్నల్ పడింది. తొక్కాను. పాదం కిందికి పోయింది, కారు ఆగలేదు. వేగం పెద్దగా లేదు, ముందున్న వ్యానుకు తగిలి నిలిచింది. అక్క ఒళ్ళో సకినాల డబ్బా ఉంది. అది పడకూడదని కుడిచేయి ముందుకు చాచింది. నాకు గీత కూడా పడలేదు.

దవాఖానలో చుట్టాలందరూ ఎలా జరిగిందని అడిగారు. "నిన్ననే ఇచ్చేదాన్ని, అక్క అమావాస్య అంది" అన్నాను. అబద్ధం కాదు. కట్టుతో పడుకున్న అక్క విని, "ఔ, నేనే వద్దన్న" అంది. చుట్టాల్లో ఆ మాటే నిలిచిపోయింది.

ప్రమాదం జరిగిన తొంభై నాలుగో రోజున నోటుపుస్తకం ముందేసుకుని రోజులు లెక్కపెట్టాను. మెకానిక్ చెప్పినప్పటి నుంచి ఎనిమిది. అందులో అక్కది ఒకటి, ఆదివారం ఒకటి, నావి ఆరు. అప్పుడే లేచి హిమాయత్‌నగర్ వెళ్ళాను. అక్క గుడ్డ పరిచి, ఎడమచేత్తో ఒక చుట్టు వేయాలని చూస్తోంది. పిండి ముక్కలై రాలుతోంది. లెక్క చెప్పాను.

"నాకెరుకే చెల్లె" అంది తల ఎత్తకుండా. "ఆ గురువారం ఆబిడ్స్‌కెళ్ళి ఇంటికి రానీకి అఫ్జల్‌గంజ్ దాంక ఎందుకు తిప్పినవ్? నీ నంబరు నింపనీకే గదా."

"మరి అందరి ముందు ఎందుకు ఒప్పుకున్నావు?"

"నా చెయ్యి ఎట్లనో ఇరిగె. నీ ఇజ్జత్ గూడ ఎందుకు పోవాలె?"

ఆ సాయంత్రమే చుట్టాలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆరు రోజులు నావని చెప్పాను. "పోనీ లెండి, అయిపోయిందిగా" అన్నారు. వాళ్ళకు పాతబడిపోయింది. ఆలస్యంగా చెప్పిన నిజానికి వినేవాళ్ళు కూడా తక్కువే.

పోయినవి ఇవి. అక్క కుడి మణికట్టు తిరుగుడు. ఆ ఏడాది ఒప్పుకున్న పదకొండు పెళ్ళిళ్ళ సకినాలు. ఆబిడ్స్ గురువారాలు, నేటికి నూట రెండు. మొహం చూపలేక నేను వెళ్ళడం మానేసిన మెకానిక్ షెడ్డు. అక్క నా తప్పు మోసిన తొంభై నాలుగు రోజులు.