బాణాలన్నీ ఒకే వైపు

వాన మొదలవగానే తడిసిన బొగ్గు వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆ వాసనకు ఇప్పటికీ నా చేయి మౌస్ మీద ఒక్క క్షణం ఆగిపోతుంది. సరోజ మేడం వెనక నిలబడి తెర వైపు చూస్తున్నట్టే ఉంటుంది.

మందమర్రి దగ్గర, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఆమె నా మొదటి పైఅధికారి, బెల్లంపల్లి గని కార్మికుడి కూతురు. గని గోడలు కదులుతున్నాయేమో కనిపెట్టడం మా పని. గోడ మీద అమర్చిన చిన్న అద్దాలను దూరం నుంచి యంత్రంతో రోజూ కొలిచి, ఏ అద్దం ఎటు జరిగిందో, ఎంత జరిగిందో పటం మీద బాణాలుగా గీసేదాన్ని. మొన దిక్కును చెబుతుంది, పొడవు కదలికను. మామూలు రోజుల్లో అవి చిన్నచిన్నగా తలో దిక్కుకూ ఉండేవి. కొలతల్లో ఆపాటి తేడా సహజమే. పొడవైన బాణం కనిపిస్తేనే భయపడాలని అనుకునేదాన్ని.

ఒక వానాకాలం ఉదయం పటంలో పొడవైన బాణం ఒక్కటీ లేదు. అంతా బాగుందని చెప్పబోయాను. మేడం కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"పొడుగు సంగతి తర్వాత బిడ్డా. అన్నీ ఎటు తిరిగినయో జర చూడు."

పడమటి గోడ మీది బాణాలన్నీ గని అడుగు వైపే తిరిగి ఉన్నాయి. సరిగ్గా అక్కడే షావెల్ యంత్రం బొగ్గు తవ్వుతోంది, డంపర్ లారీలు వరుసకట్టి ఉన్నాయి. 

మేడం మేనేజర్‌కు ఫోన్ చేశారు. "కదలిక హద్దు దాటలే గదమ్మా, పని ఎట్ల ఆపుత?" అన్న ఆయన గొంతు నాకూ వినిపించింది.

"దాటలే సార్. కానీ నిన్న తలో దిక్కున్నయి, ఇయ్యాల అన్నీ ఒక్క దిక్కే పోతున్నయి. గోడంతా కలిసి కదులుతుంది. మనుషుల్ని పైకి పిలువుండ్రి. రేపు ఎవరడిగినా జవాబు నేను చెప్త."

మనుషులు పైకి వచ్చారు. మధ్యాహ్నం దాటినా గోడ పడలేదు. మేనేజర్ మా గదికి వచ్చి, తెర చూసి వెళ్లిపోయారు. కాసేపటికి మళ్లీ వచ్చారు. మేడం టిఫిన్ డబ్బా మూత తీయలేదు. పొద్దు వాలుతుండగా నేల అదిరింది. బయటికి పరుగెత్తాం. పడమటి గోడ విరిగిపడి, ఖాళీ షావెల్ సగం దాకా మట్టిలో కూరుకుపోయి ఉంది. మేనేజర్ మేడంకు చేతులు జోడించారు. ఆమె మాత్రం నా వైపు తిరిగి, "మిగిలిన అద్దాలు కొలిచినవా?" అన్నారు.

ఇంటికి వెళ్తూ జీపులో అడిగాను. "గోడ పడకపోతే ఏం చేసేటోళ్లు మేడం?"

"పడకపోతే ఇంకా మంచిదే గదా. నన్ను తిట్టుకుంట అందరు ఇండ్లకు వోయి అన్నం తిందురు."

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. పోయిన వానాకాలం నేనూ ఒకసారి పని ఆపించాను. గోడ పడలేదు. పని ఆగి అంత బొగ్గు నష్టపోయామని మీటింగులో అందరి ముందూ తిట్టారు.  బయటికి వచ్చేసరికి షిఫ్టు దిగినవాళ్లు గేటు దగ్గర నవ్వుకుంటూ బైకులు తీస్తున్నారు.