మా అత్త ఇప్పించిన ప్రమోషన్

సర్కారు నర్సుకు జీతం ఏడాదికోసారి చీమంత పెరుగుతుంది. హోదా మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నేను డెబ్బైల మొదట్లో కరీంనగర్ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఎనభైలు వచ్చినా స్టాఫ్ నర్సునే. నా కళ్ళ ముందు సెలైన్ ఎక్కించడం నేర్చుకున్న కుర్ర డాక్టర్లు పెద్ద డాక్టర్లయ్యారు. "సిస్టర్, మీరింకా ఇక్కడేనా?" అని నవ్వుతూ పలకరించేవారు. ఒళ్ళు మండేది. ఎక్కడికి పోతాను నాయనా, పైన హెడ్ నర్సు పోస్టు ఖాళీ అయితే కదా!

చివరికి అయింది, ఆదిలాబాద్‌లో.

ఆ రోజుల్లో మా నర్సుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రమోషన్ మీద దూరపు ఊరు పడితే పిల్లలున్నవాళ్ళు "నాకొద్దు" అని రాసిచ్చేసేవారు. రాసిచ్చిన రోజు గండం తప్పిందని డ్యూటీ గదిలో మిఠాయి పంచేవారు. ఆ పోస్టు వెనకవాళ్ళకు పోయేది. మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నేనూ చాలాసార్లు ఆ మిఠాయి తిన్నదాన్నే.

నేనూ రాసిచ్చేద్దామనే ఇంటికొచ్చాను. మా ఆయన పవర్‌లూమ్ షెడ్డులో నేసేవాడు. నేసినంతకే కూలి, కరెంటు పోతే అదీ లేదు. ఇల్లు గడిచేది నా జీతం మీదే. ఇద్దరు పిల్లలు, చిన్నది ఇంకా బడికి కూడా పోదు. "నీ ఇష్టం" అన్నాడు ఆయన, గోడవైపు తిరిగి. ఆ మాటకు మా ఇంట్లో వద్దనే అర్థం.

పక్కన నూలు కండెలు చుడుతున్న మా అత్త చెయ్యి ఆపింది.

"ఏందే, పైకెక్కుమంటే వద్దంటవా? మీ మామ మీసాలు రానప్పుడు మగ్గం గుంటల దిగిండు. సచ్చేదాక గా గుంటల్నే ఉండె. ఒక్కడన్న జర పైకి రారా అన్నడా? నిన్ను రమ్మంటున్నరు. పో!"

"పిల్లలెట్ల అత్తమ్మా?"

"పెద్దోడు వాళ్ళ బాపు కాడుంటడు. చిన్నదాన్ని పట్టుకొని నేనొస్త. ఫికర్ జెయ్యకు." తర్వాత కొడుకువైపు తిరిగింది. "అన్నమెవరు వండుతరని సూస్తున్నవా? చేతులున్నయి గదరా."

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ సామెత కట్టినవాళ్ళకు మా అత్త తెలియదు.

ఆదిలాబాద్ చలికి ఆమె మోకాళ్ళు పట్టేశాయి. చిన్నది బాపు కావాలని ఏడ్చేది. పెరిగిన జీతం రెండు ఇళ్ళ కిరాయిలకే చాలేది కాదు. పైగా హెడ్ నర్సు పని వేరు: ఎవరికి ఏ డ్యూటీ వేయాలో చూడటం, మందులు, దుప్పట్లు సరిచూడటం, కొత్తగా వచ్చిన నర్సు పిల్లలను కనిపెట్టి ఉండటం. నన్ను పాత పోస్టులోకే వెనక్కి పంపండని అడిగితే పంపేవారే. కానీ ఆ పైన మెట్లన్నీ ఇక నాకు మూసుకుపోయేవి. అయినా సరేననుకున్నాను. "ఈ నెల జూసి ఇంటికి పోదాం అత్తమ్మా" అన్నాను ఒకరోజు.

రోజూ మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తెచ్చి, నేను తినేదాకా వార్డు బయట బెంచీ మీద కూర్చునేది. లోపల నర్సు పిల్లలు ట్రేలు పట్టుకుని సూదులు వేస్తుంటే నేను కుర్చీలో కనిపించేదాన్ని. మా వాడకట్టులో జ్వరమొస్తే అందరూ నా చేతి సూది కోసమే వచ్చేవారు. అది చూసి మురిసిన మనిషి ఆమె.

ఒకనాడు పెద్ద డాక్టరు నన్ను తన గదికి పిలిపించాడు. వెళ్ళి చూద్దును కదా, ఆయన ముందు మా అత్త కొంగు కప్పుకుని, చేతులు జోడించి నిలబడి ఉంది.

"సారూ, మా కోడలు ఏం తప్పు చేసిందో నాకు తెల్వది. సూది గుంజుకొని మూలకు కూసోబెట్టిన్రు. దాని చెయ్యి మంచిది సారూ. గీ ఒక్కపారికి మాఫ్ చెయ్యుండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. అందుకు ఆయనకు ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆయనే లేచి కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు.

"అవ్వా, అది శిక్ష కాదు. సూదులేసే పిల్లలందరు ఇప్పుడు మీ కోడలి కింద పనిచేస్తరు. వార్డుకు ఆమెనే మేస్త్రి."

"అందరా?"

"అందరు."

ఇద్దరం ఇంటికి నడిచాం. నాకు కోపం ఆగలేదు. గడప దాటగానే అనేశాను: "మంచిగ ఇజ్జత్ తీసినవ్ అత్తమ్మా. ఇగ చాలు. రేపే చెప్పేస్త, ఇంటికి పోదాం."

ఆమె చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేయసాగింది. తల ఎత్తకుండానే అంది:

"ఈడ నీ కింద అంతమంది ఉన్నరు. ఆడికి పోతే నీ నెత్తి మీద మేమందరం ఉంటం. అత్తను నేను, నాకెరుక లేదా? ఉండు బిడ్డా, ఈడనే ఉండు."

ఉండిపోయాను. తొంభైల్లో నేను పై మెట్టెక్కి కరీంనగర్ తిరిగి వచ్చేదాకా, కొడుకును వదిలిపెట్టి, ఆ చలిలో ఆమె కూడా నాతోనే ఉంది.