సున్నం పట్టు మీద బొటనవేలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాడి ముఖం మీదే నవ్వే మనిషిని నేను. మా బావమరిది ఓబులేసుకు మాత్రం దయ్యాలంటే గట్టి నమ్మకం. దోర్నాల అడవి దారిలో కొమ్మ ఊగినా దణ్ణం పెడతాడు. బుర్ర ఖాళీగా ఉంటే దయ్యమేంటి, ఎవరైనా కాపురముంటారు.

పోయిన ఎండాకాలం నా దవడ పన్ను పుచ్చి, గడ్డం కింద కొబ్బరికాయంత వాచింది. సరే, నిమ్మకాయంత. మందుల షాపు బిళ్ళలు మింగి, సున్నం బెల్లం కలిపి పట్టు వేశాను. వాపు తీసింది, జ్వరం దిగింది. అయినా ఓబులేసు పోరు పడలేక, పొద్దున వేసిన తడి పట్టుతోనే మార్కాపురం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

నాలుక ఎత్తమంటే ఎత్తాను. ఆమె రక్తపరీక్ష రాసింది. పంటికి నొప్పి, చేతికి సూది!

"పైన తగ్గిందని నమ్మలేం పెద్దాయనా. చీము లోపలికి దిగుతుంటే రక్తంలో సీఆర్పీ పెరుగుతాది. అది చూసే ఇంటికి పంపేది."

రక్తం ఇచ్చి నేనూ, వెంట వచ్చిన ఓబులేసూ బల్ల మీద కూర్చున్నాం. రిపోర్టు ఎంతకీ రాలేదు. మా ఊరికి పోయే గిద్దలూరు బస్సు వేళయింది. లేచాను.

"రిపోర్టు రానీ బావా, ఏందా తొందర?"

"నీ మొగం. దాంట్లో ఏముంటాది?"

అప్పుడు గొంగడి కప్పుకున్న ముసలాయన ఒకడు నాకు అడ్డం నిలబడ్డాడు. నా కింది కంటిరెప్ప లాగి చూశాడు. జబ్బు చేసిన గొర్రెలో రక్తముందో లేదో మా నాయన అట్లాగే చూసేవాడు. తర్వాత నా పట్టు మీద బొటనవేలితో నొక్కి, "నాలుక ఎత్తురా," అన్నాడు.

ఎత్తబోయాను. లేవలేదు.

"లోపలికి దిగింది. కదలబాక."

కూలబడ్డాను. బస్సు పోయింది. కాసేపటికి డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని పరుగున వచ్చింది. సీఆర్పీ బాగా ఎక్కువుందట. ఆమె కూడా మొదట అన్నది అదే మాట: "నాలుక ఎత్తండి." బస్సెక్కి ఉంటే దారిలోనే ఊపిరి ఆడక పోయేవాడినంది. అప్పటికప్పుడు ఒంగోలు పంపించి, గడ్డం కింద కోసి చీము తీయించింది.

ఊళ్ళో మాత్రం వచ్చింది ఎప్పుడో చనిపోయిన మా నాయనేనని, పొగై పైకప్పులో కలిసిపోయాడని చెప్పాను. అబద్ధం. నేను ముఖం సరిగ్గా చూడనేలేదు. ఆయన అందరిలాగే గుమ్మంలోంచి నడిచి పోయాడు.

ఓబులేసు మాట వేరు. "ఎవురూ రాలేదు బావా. నువ్వే కన్ను లాక్కోని, నోరు తెరుచుకోని కూలబడితివి." దయ్యాలను నమ్మేవాడికేమో కనపడలేదు!

వాడిదే నిజమని ఒప్పుకునేవాడిని. కానీ ఒంగోలు పంపేముందు పట్టు ఊడదీస్తూ నర్సమ్మ, "ఇంత గట్టిగా ఎవురు నొక్కినారు తాతా?" అని అడిగింది. సున్నంలో బొటనవేలి గుంట. నా వేలు పెట్టి చూశాను, వదులు. ఓబులేసుదీ వదులే. ఆమె దాన్ని దూదితో పాటు చెత్తడబ్బాలో పడేసింది.

దయ్యాలు లేవు, ఇప్పటికీ అదే మాట. ఆ వేలు ఎవరిదో నాకు తెలియదు. ఒకవేళ నాయనదే అయితే మాత్రం, ఇంత వయసొచ్చినా నన్ను గొర్రెల్లోనే జమకట్టాడన్నమాట.